పరీక్షల గుబులు, తప్పిన డేటు

ప్రశ్న: నాకు 17 ఏళ్లు. ఇంటర్ సెకండియర్, హాస్టల్లో ఉంటున్నా. పదమూడో ఏట పెద్దమనిషినయ్యాను. ఎప్పుడూ 30, 32 రోజులకి డేట్ వచ్చేసేది. ఈసారి 52 రోజులైనా రాలేదు. ప్రీఫైనల్స్ మొదలైనప్పటి నుంచి రాత్రి రెండింటిదాకా చదువుతున్నా, పొద్దున టిఫిన్ తినబుద్ధి కావట్లేదు. రూమ్మేట్ ‘పీసీఓడీ అయ్యుంటుంది, స్కానింగ్ తీయించుకో’ అంటోంది. ఇంట్లో చెప్పాలంటే భయంగా ఉంది.

జవాబు: నువ్వు రాసినదాన్ని బట్టి ముందుగా అనుమానించాల్సింది చాలని నిద్రని, మానేసిన టిఫిన్‌ని, మనసులోని గుబుల్ని తల్లీ. నెలసరికి తాళం చెవి మెదడులో ఉంటుంది. అక్కడ హైపోథాలమస్ అనే భాగం గంటకో గంటన్నరకో ఒకసారి కొద్దికొద్దిగా ఒక హార్మోన్ వదులుతుంది. దాని సంకేతంతో పిట్యూటరీ గ్రంథి, పిట్యూటరీ సంకేతంతో అండాశయం పనిచేస్తాయి. ఆందోళన ఎక్కువై కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగినా, తిండి చాలక ఒళ్లు తగ్గినా ఆ మొదటి సంకేతమే మందగిస్తుంది. అప్పుడు అండం ఆలస్యంగా విడుదలవుతుంది. విడుదలైన తర్వాత నెలసరికి పట్టే సమయం మాత్రం దాదాపు రెండు వారాలే, అది పెద్దగా మారదు. అండం ఇరవై రోజులు ఆలస్యమైతే డేట్ కూడా ఇరవై రోజులు ఆలస్యమవుతుంది. చెడు రక్తం లోపల పేరుకుపోతోందని ఎవరైనా అంటే నమ్మకు, అలాంటిదేమీ ఉండదు.

పీసీఓడీ, అంటే హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య మాటకొస్తే, రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు స్కానింగ్ చూసి ఆ జబ్బు ఉందని తేల్చకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఈ వయసులో అండాశయంలో చిన్నచిన్న నీటి బుడగల్లాంటివి కనబడటం మామూలే. వాటిని చూసి జబ్బని ముద్ర వేస్తే ఆడపిల్లలు ఏళ్ల తరబడి లేని భయాన్ని మోస్తారు.

ఇప్పుడు చేయాల్సినవి. నీ వయసుకి ఎనిమిది గంటల నిద్ర కావాలి, పరీక్షలప్పుడు కనీసం ఏడైనా పో. టిఫిన్ మానకు, ఇడ్లీ దిగకపోతే ఉడికిన గుడ్డో, వేరుశనగ ఉండో తిను. నువ్వులు, బెల్లం తినొచ్చు, బలమే, కానీ వాటితో డేట్ రాదు. మెడికల్ షాపులో అడిగి హార్మోన్ మాత్రలు వేసుకోవద్దు. అవి ఆపిన కొద్ది రోజులకి రక్తస్రావం అవుతుందే గానీ అసలు కారణం అలాగే ఉండిపోతుంది. పరీక్షలు ముగిశాక కూడా రాకుండా 90 రోజులు దాటితే గైనకాలజిస్టుకి చూపించు. మొహం మీద వెంట్రుకలు గట్టిగా పెరుగుతున్నా, బరువు బాగా మారినా అంతకంటే ముందే వెళ్లు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు ఊరేలా చేసే హార్మోన్) రక్తపరీక్షలు చేయిస్తారు. గర్భం ఉందేమోనని మూత్రపరీక్ష కూడా అడుగుతారు. డేట్ తప్పిన వాళ్లందరినీ అడిగే ప్రశ్నే అది, అవమానం అనుకోకు. నిజంగా ఆ అవకాశం ఉంటే మాత్రం 90 రోజుల దాకా ఆగకుండా వెంటనే చూపించుకో. అమ్మకి ‘డేట్ లేటయింది, నిద్ర సరిగా లేదు’ అని ఒక్క మాట చెప్పు. అది తప్పు ఒప్పుకోవడం కాదమ్మా.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను, 19 ఏళ్లు. వారానికి రెండుసార్లు నిద్రలో వీర్యం పోతోంది. నీరసం, గుండె దడ, పాఠం బుర్రకెక్కట్లేదు. గోడ మీద రాతలు చూసి ఒకచోటికి వెళితే ధాతు నష్టమని చెప్పి లేహ్యం అంటగట్టారు. నలభై చుక్కల రక్తం ఒక చుక్క వీర్యమంటారు, నిజమేనా?

జవాబు: నిజం కాదు బాబూ. వీర్యంలో ఎక్కువ భాగం ఒక జత చిన్న సంచులూ, ప్రోస్టేట్ గ్రంథీ ఊరించే ద్రవం. ఒకసారికి 2 నుంచి 5 మిల్లీలీటర్లు, చెంచాడు కూడా నిండదు. అందులో రక్తం ఖర్చయ్యేదేమీ లేదు. వీర్యకణాలు వృషణాల్లో రోజూ తయారవుతూనే ఉంటాయి. నిద్రలో బయటికి రావడం ఈ వయసులో సహజం, కొందరికి వారానికి కొన్నిసార్లు కావచ్చు, కొందరికి అసలు కాకపోవచ్చు.

నీ బాధ నిజమే. కాకపోతే దాని కారణం వేరు. 1960లో మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ దీనికి ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. బలం పోతోందని నమ్మిన మనిషి భయపడతాడు, భయంతో గుండె దడదడలాడుతుంది, నిద్ర చెడుతుంది, నిద్ర లేక నీరసం వస్తుంది. ఆ నీరసాన్ని మళ్లీ వీర్యం ఖాతాలోనే రాసుకుంటాడు. మూత్రం తెల్లగా కనబడినా అదే భయం. అది చాలాసార్లు ఫాస్ఫేట్ లవణాల వల్ల వచ్చే మసక.

లేహ్యం ఆపెయ్. ఇలాంటి వాటిలో ఏం కలుపుతారో తెలియదు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో, 13 కంటే తక్కువుంటే నీరసానికి అదొక కారణం. మూత్రంలో మంట, రక్తం ఉంటే డాక్టర్‌ని కలువు. వృషణంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, మెలిక పడి ఉంటే ఆరు గంటల్లోపు సరిచేయాలి. దిగులు తగ్గకపోతే 14416కి ఫోన్ చెయ్. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మా బాబుకి పదకొండేళ్లు. ఊరికే చిరాకు పడుతున్నాడు, శరీరం గురించి ఏదో అడగబోయి ఆగిపోయాడు. ఎలా మాట్లాడాలి?

జవాబు: ఎదురెదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పకండి, వాడు బిగుసుకుపోతాడు. బండి మీద వెళుతున్నప్పుడో, బట్టలు మడతపెడుతున్నప్పుడో అడగండి. మగపిల్లల్లో మార్పులు 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతాయి, అంటే మీరేమీ తొందరపడట్లేదు. గొంతు మారుతుందని, నిద్రలో వీర్యం వచ్చి పక్క తడవొచ్చని, ఆ రోజు దుప్పటి తనే బకెట్లో వేసెయ్యొచ్చని మామూలు గొంతుతో చెప్పండి. అవయవాలకి సరైన పేర్లే వాడండి. ఎవరైనా తాకి ‘ఇంట్లో చెప్పకు’ అంటే, ఆ మాటే మీకు చెప్పాల్సిన మాట అని నేర్పండి. అలాంటిదేదైనా జరిగితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు.