ఈమధ్య చూసిన సినిమాల్లో నా మనసులో నిలిచినది ‘బలగం’

ఈమధ్య చూసిన సినిమాల్లో మీకు బాగా నచ్చినది ఏది, ఎందుకు నచ్చింది అని అడిగారు. నేను సినిమాలు ఎక్కువగా చూసే మనిషిని కాను. గత రెండు నెలల్లో చూసినవి మూడే. మొదటిది థియేటర్లో చూసిన ఒక పెద్ద హీరో చిత్రం. ఇంటికి వచ్చేసరికే అందులో కథేమిటో చెప్పుకోవడానికి ఏమీ మిగలలేదు కనుక దాన్ని వదిలేస్తాను. మిగిలిన రెండూ మా అమ్మతో కలిసి ఇంట్లో చూసిన పాత చిత్రాలు: 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’, 2023 మార్చిలో విడుదలైన ‘బలగం’. నా జవాబు ప్రధానంగా ‘బలగం’ గురించే.

కథ తెలంగాణలోని ఒక పల్లెలో జరుగుతుంది. ఊళ్లో అందరినీ పలకరిస్తూ, అందరితో పరాచికాలాడుతూ తిరిగే కొమురయ్య అనే ముసలాయన, మనవడు సాయిలు నిశ్చితార్థానికి ముందు చనిపోతాడు. ఆ మనవడికి తాత పోయిన దుఃఖం కంటే తన అప్పుల భయమే ఎక్కువ. చావుకు వచ్చిన బంధువుల మధ్య పాత పగలు బయటపడతాయి, మూడో రోజున పెట్టిన ముద్దను కాకి ముట్టదు. వాళ్లు దాన్ని ‘పిట్టకు పెట్టుడు’ అంటారు. మాది కాకినాడ వైపు కాబట్టి మేము ‘కాకి ముట్టడం’ అంటాము. మాట వేరైనా, ఆ గట్టు మీద నిలబడి ఆకాశం వైపు చూసే చూపు మాత్రం ఒకటే.

ఆ చూపు నాకు తెలుసు. పోయిన సంవత్సరం మా అమ్మమ్మ పెద్దకర్మ నాడు కాలువ గట్టున అరటి ఆకులో పిండం పెట్టి, మేమంతా పది అడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాము. మా మామయ్యలిద్దరూ ఒకరికొకరు ఎడంగా, గట్టుకు చెరో కొసన నిలుచున్నారు. వాళ్లిద్దరికీ మాటలు లేక అప్పటికి పదకొండు సంవత్సరాలైంది. కారణం ఒక శుభలేఖ. పెద్దమామయ్య కూతురి పెళ్లి శుభలేఖలో చిన్నమామయ్య పేరు పడలేదు. అచ్చువేసినవాళ్ల పొరపాటని ఒకరు, కావాలనే తీసేశారని ఇంకొకరు. అరటి ఆకు ఎండకు వాడిపోయి అంచులు ముడుచుకునేదాకా కాకి రాలేదు. అమ్మ ఆ ఆకు వైపు నడిచి, వంగి, మేమెవరమూ వినలేనంత మెల్లగా ఏదో చెప్పి వచ్చింది. కొంతసేపటికి ఒక కాకి వాలింది. అమ్మ ఏం మాట ఇచ్చిందో నేను ఇప్పటికీ అడగలేదు.

అందుకే ‘బలగం’లో గొడవకు అసలు కారణం తెలిసినప్పుడు నా గుండె పట్టేసినట్టయింది. కొమురయ్య అల్లుడు నారాయణ అత్తవారింటి గడప తొక్కడం మానేసింది ఆస్తి కోసం కాదు. ఎప్పుడో ఒక విందులో తనకు నల్లి బొక్క వేయలేదన్న అవమానంతో. నల్లి బొక్క అంటే ఏమిటని అమ్మ అడిగితే, మన మూలుగ ఎముకే అని చెప్పాను. అమ్మ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. ఎముక ముక్క కోసం ఇరవై ఏళ్లు మాట్లాడుకోరా అని అనుకునేవారు ఉండవచ్చు, కానీ పంక్తిలో వడ్డన ఎలా జరిగింది, ఎవరిని ముందు పిలిచారు, శుభలేఖలో పేరు ఎక్కడ పడింది అన్న విషయాల చుట్టూ ఎన్ని తెలుగు కుటుంబాలు చీలిపోయాయో మన బంధువుల్లోనే లెక్కపెట్టవచ్చు. అక్కడ పోయింది ముక్క కాదు, మర్యాద. దర్శకుడు ఆ చిన్న కారణాన్ని వెక్కిరించకుండా, దానికి ఎంత బరువు ఉంటుందో అంత బరువూ ఇచ్చాడు. నా దృష్టిలో ఈ సినిమాలో అన్నిటికంటే గొప్ప విషయం ఇదే.

దర్శకుడు వేణు యెల్దండి అంతకుముందు మనకు హాస్యనటుడిగా మాత్రమే తెలుసు. దర్శకత్వం వహించిన మొదటి సినిమాలోనే ఆయన తన సిరిసిల్ల ప్రాంతపు మాటనూ మనుషులనూ ఇంత దగ్గరగా చూపించగలగడం నన్ను ఆశ్చర్యపరచింది. భీమ్స్ సిసిరోలియో సంగీతం, కాసర్ల శ్యామ్ రాసిన పల్లెటూరి పాట గురించి చాలామంది చెప్పారు. ఆ పాటకు జాతీయ పురస్కారం కూడా వచ్చింది. నాకు మాత్రం చివరలో వచ్చే బుడగ జంగాల (ఊరూరా తిరిగి కథలు పాడే కళాకారుల) పాటే సినిమాకు ప్రాణం అనిపించింది. చనిపోయిన మనిషి గుణగణాలను, అతను పడిన కష్టాన్ని బంధువుల ముందు పాటగా చెప్పే ఆచారం తెలంగాణ పల్లెల్లో ఉంది. సినిమా కోసం ఆ పాట పాడింది నిజంగానే ఆ విద్యలో జీవితం గడిపిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. పాట సాగుతున్నకొద్దీ ఎడమొహం పెడమొహంగా కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే తలలు దించుకుంటారు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారని తరువాత తెలిసి చాలా బాధ కలిగింది.

నచ్చనివి కూడా చెప్పాలి. మొదటి అరగంటలో సాయిలు అప్పుల చుట్టూ నడిపిన హాస్యం కొంత సాగినట్టు అనిపించింది. మేనత్త కూతురు సంధ్య మీద అతని ఆశ, ఆస్తి లెక్క నుంచి నిజమైన ఇష్టంగా మారిన తీరు తొందరగా ముగిసింది. అన్నిటికంటే ముఖ్యంగా, భర్త పంతం వల్ల ఇరవై ఏళ్లు పుట్టింటికి దూరమై, చివరకు తండ్రిని శవంగా చూసిన లక్ష్మి తరఫున సినిమా ఇంకొంచెం గట్టిగా మాట్లాడి ఉండవలసింది. మగవాళ్ల మర్యాదలకు మధ్యలో నలిగిపోయింది ఆమె. ఈ మాట నాది కాదు, సినిమా చూస్తూ అమ్మ అన్నది. ఆ పాత్రలో రూపాలక్ష్మి నటన బాగుండటం వల్లనే ఆ లోటు మరింతగా తెలిసింది.

‘కేరాఫ్ కంచరపాలెం’ గురించి కొద్దిగా చెబుతాను. విశాఖపట్నంలోని కంచరపాలెంలోనే, అక్కడి స్థానికులతోనే ఎక్కువ పాత్రలు వేయించి వెంకటేష్ మహా తీసిన చిత్రం ఇది. యాభైకి దగ్గరపడినా పెళ్లికాని అటెండర్ రాజు కథ అందులో నాకు బాగా నచ్చింది. నాలుగు ప్రేమకథలు వేర్వేరుగా నడుస్తాయి, వాటిని కలిపే ముడి చివర్లో విడుతుంది కాబట్టి చూడనివారి కోసం ఇంతకంటే చెప్పను.

‘బలగం’ చూడాలా వద్దా అని అడిగేవారికి నా సలహా ఒక్కటే: ఫోనులో ఒంటరిగా చూడకండి. విడుదలైన రోజుల్లో తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్య తెరలు కట్టి అందరూ కలిసి చూశారని, చూశాక ఎడమైన అన్నదమ్ములు ఒకటయ్యారని పత్రికల్లో చదివినప్పుడు నేను పూర్తిగా నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను. సినిమా చూసిన మర్నాడు ఉదయం అమ్మ గోంగూర ఒలుస్తూ, ఆ చివరి పాట ఒక్కటీ మళ్లీ పెట్టమంది. తెర వైపు చూడకుండా, చేతిలోని కాడను అలాగే పట్టుకుని చివరిదాకా విన్నది.

వచ్చే నెలలో అమ్మమ్మ సంవత్సరీకం. మామయ్యలిద్దరూ వస్తామన్నారు. ఆ రోజు టీవీలో ‘బలగం’ పెడదామని అమ్మ అంటోంది. భోజనాలకు ముందు పెట్టాలా, తరువాత పెట్టాలా అన్నదే ఇంకా తేల్చుకోలేకపోతోంది.