పొలిటికల్ సైన్స్, ఫిలాసఫీ రెండూ కావాలనుకునే అమ్మలూకి

చి. అమ్మలూకి,

పెదనాన్న ఆశీస్సులు. పీజీ ఫస్ట్ క్లాసులో పాసయ్యావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ అవుతానంటున్నావట, పొలిటికల్ సైన్స్‌తో పాటు ఫిలాసఫీ కూడా వదలనంటున్నావట. వదలకు. మన దగ్గర ఈ రెండూ కలిపి నడిచినవాళ్లు ఉన్నారు. గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడి నుంచి వచ్చిన కొత్త సచ్చిదానందమూర్తి గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిలాసఫీ ప్రొఫెసరు. అద్వైతం మీద ఎంత లోతుగా రాశారో, భారత విదేశాంగ విధానం మీదా, ప్రపంచ శాంతి మీదా అంత శ్రద్ధగా రాశారు. 2001లో పద్మవిభూషణ్ వచ్చింది.

అయితే ఆయన రోజులు వేరు, నీ రోజులు వేరు. అందుకే ముందుగా ఒక్క మాట చెప్తాను, మిగతావి మర్చిపోయినా ఇది మర్చిపోకు. చదువు రెండు వైపులా సాగనీ, సర్టిఫికెట్లు మాత్రం ఒకే వైపు ఉంచుకో.

ఎందుకో చెప్తా. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి అప్లై చేసినప్పుడు ఇంటర్వ్యూ కంటే ముందు స్క్రూటినీ ఉంటుంది. అక్కడ కూర్చున్నవాళ్లు నీ థీసిస్ చదవరు. పీజీ ఏ సబ్జెక్టు, నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ఏ సబ్జెక్టు, పీహెచ్‌డీ ఏ డిపార్ట్‌మెంట్ అని గళ్లు చూసుకుంటూ పోతారు. మూడూ ఒకటైతే ఫైలు కదులుతుంది. ఒకటి తేడాగా ఉంటే ఇది సంబంధిత సబ్జెక్టు అవుతుందా కాదా అని చర్చ మొదలవుతుంది. మంచి అభ్యర్థులు కేవలం ఆ చర్చలోనే పక్కకు పోవడం చూశాను. తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నీ పీజీ పొలిటికల్ సైన్స్ కాబట్టి నెట్ కూడా అందులోనే రాయి. నెట్ సబ్జెక్టుల జాబితాలో దాని కోడ్ 02, ఫిలాసఫీది 03. పక్కపక్కనే ఉన్నాయని అటు చూడకు. రాష్ట్రస్థాయిలో అలాంటిదే అయిన స్టేట్ సెట్ కూడా రాసి ఉంచుకో. ఇంకో లెక్క కూడా ఉంది. మన రెండు రాష్ట్రాల్లో చాలా డిగ్రీ కాలేజీల్లో పొలిటికల్ సైన్స్ ఉంటుంది, ఫిలాసఫీ చెప్పేచోట్లు బాగా తక్కువ. ఉద్యోగం అటువైపే దొరుకుతుంది. ఫిలాసఫీ నీతోపాటు క్లాసులోకి వస్తుంది. నెట్‌లో పై మార్కులు వచ్చినవాళ్లకి ఇచ్చే రీసెర్చ్ ఫెలోషిప్, జేఆర్ఎఫ్ కోసం గట్టిగా ప్రయత్నించు. నెలకు 37,000 వస్తే ఇంటి మీద ఆధారపడకుండా చదువుకోవచ్చు. అది రాకపోతే ఢిల్లీలోని ఐసీఎస్ఎస్ఆర్, ఐసీపీఆర్ ఫెలోషిప్‌లు చూడు. మొదటిది సోషల్ సైన్సెస్‌కి, రెండోది ఫిలాసఫీకి. నీలాంటి టాపిక్ తీసుకున్నవాళ్లు రెండు తలుపులూ తట్టవచ్చు.

గైడ్ విషయంలో పేరు చూసి వెళ్లకు. థీసిస్‌లన్నీ ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో ఆయన దగ్గర చేసినవాళ్ల థీసిస్‌లు రెండు మూడు తెరిచి చదువు. పిల్లలందరి థీసిస్‌లూ ఒకే మూసలో ఉంటే ఆలోచించుకో. రిజిస్ట్రేషన్‌కీ సబ్మిషన్‌కీ మధ్య ఎన్నేళ్లు పట్టిందో కూడా చూడు. మూడేళ్ల నుంచి ఆరేళ్లు అని యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 రూల్స్ చెబుతున్నాయి. ఆరేళ్లూ పట్టించే గైడ్ ఎందుకు పట్టిస్తున్నాడో అక్కడి స్కాలర్లని అడిగితే చెప్తారు.

ఇక టాపిక్. ‘అంబేద్కర్ రాజకీయ తత్వం’ అని పెట్టావట. అది ఒక జీవితకాలానికి సరిపోయే పని అమ్మా, థీసిస్‌కి కాదు. 1949 నవంబర్ 25న ఆయన రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగం తీసుకో. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం మూడింటినీ విడదీయకూడదని, ఒకటి లేకపోతే మిగతావి నిలవవని వాదించే భాగం మెల్లగా చదువు. రాజ్యాంగం ఎలా ఉండాలో చెబుతూ నెహ్రూ ముందుగా పెట్టిన లక్ష్యాల తీర్మానంలో సౌభ్రాతృత్వం అన్న మాట లేదు, డ్రాఫ్టింగ్ కమిటీ ప్రవేశికలో చేర్చింది. ఎందుకు చేర్చింది? చట్టంతో రాని దాన్ని రాజ్యాంగంలో ఎందుకు రాసుకున్నాం? ఈ ప్రశ్న ఒక్కటి చాలు. రాజ్యాంగ సభ చర్చలు చదివితే పొలిటికల్ సైన్స్ అవుతుంది, సౌభ్రాతృత్వం అంటే బాధ్యతా, భావమా అని తేల్చబోతే ఫిలాసఫీ అవుతుంది. స్క్రూటినీలో కూడా ఎవరూ వేలెత్తి చూపలేరు.

పబ్లికేషన్ల టెన్షన్ నీకు మొదటి ఏడాదిలోనే మొదలవుతుంది. డబ్బు కట్టించుకుని వారంలో అచ్చేసే జర్నల్స్ నుంచి రోజూ మెయిల్స్ వస్తాయి. ఒక్కటి కూడా తెరవకు. ఆ పేపర్లు నీ పేరు మీద ఎప్పటికీ ఉండిపోతాయి, తర్వాత తీసేయలేవు. అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ న్యాయం మీద తన ఆలోచనను 1958లో వ్యాసంగా వేస్తే, అది పుస్తకంగా వచ్చింది 1971లో. నీకు అంత సమయం ఎవరూ ఇవ్వరు, నిజమే. కానీ ఏడాదికి ఒక్క మంచి పేపరు రాయడానికి సమయం ఉంటుంది.

మధ్యలో కొన్నేళ్లు గెస్ట్ ఫ్యాకల్టీగా చేయాల్సి రావచ్చు. జీతం తక్కువ, సెలవుల్లో అదీ రాదు. అయినా ఆ ఏళ్లలో తెలుగు మీడియం పిల్లలకు పాఠం చెప్పు. నేను రూసో ‘జనరల్ విల్’, అంటే అందరి మేలు కోరే ఉమ్మడి సంకల్పం, చెప్పేటప్పుడు ఊరి చెరువు తూము గురించి మొదలుపెట్టేవాణ్ని. నీళ్లు తక్కువున్న ఏడు ఎవరి మడికి వాళ్లు నీళ్లు కావాలంటారు. ఆ కోరికలన్నీ కలిపితే కూడిక అవుతుంది గానీ జనరల్ విల్ కాదు. చిట్టచివరి మడి కూడా ఎండకూడదంటే తూము ఎప్పుడు ఎత్తాలి అన్నది వేరే ప్రశ్న. ఒకసారి వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి లేచి, “ఆయకట్టులో సెంటు భూమి లేనివాడి మాటేంటి సార్?” అన్నాడు. ఆ రాత్రి రూసోను మళ్లీ మొదటి నుంచి చదివాను. ఏ సెమినార్‌లోనూ నన్ను ఎవరూ అంత సూటిగా అడగలేదు.

ప్రపోజల్ రెండు పేజీలకు మించకుండా రాసి ఈ నెలాఖరులోగా నాకు పంపు. ఇంగ్లిష్ గురించి భయపడకు, ముందు తెలుగులో రాసినా సరే. వాక్యాలు దిద్దను, నాకు వచ్చిన ప్రశ్నలన్నీ మార్జిన్‌లో రాసి పంపుతాను. నాన్నని, అమ్మని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న