కరగడం అనే మాట దగ్గర జాగ్రత్త

కావలి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

రెండో తరగతి పిల్లలకు వేడి, చల్లదనం వస్తువులను ఎలా మారుస్తాయో చెప్పవలసి వచ్చిందని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని వ్రాశావు. ప్రయోగశాల సామాను కోసం ఎదురుచూడవద్దు, వంటింట్లో ఉన్నది చాలు. అయితే ముందుగా ఒక మాట దగ్గర జాగ్రత్తపడాలి. మన భాషలో ఐసుముక్కా కరుగుతుంది, మైనమూ కరుగుతుంది, నీళ్లలో వేసిన ఉప్పూ కరుగుతుంది. మాట ఒకటే కావడంతో జరిగే పని కూడా ఒకటేనని పిల్లలు అనుకుంటారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సంగతి గమనించక పాఠం చెప్పుకుపోయి, ఏడాది చివర ఉప్పు ఎందుకు కరిగిందని అడిగితే, తరగతి అంతా ‘వేడికండీ’ అని ఒక్కగొంతుతో చెప్పింది. తప్పు పిల్లలది కాదు.

అందుచేత రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టు. ఒకదానిలో ఐసుముక్క మాత్రమే, రెండోదానిలో చన్నీళ్లు, చెంచాడు ఉప్పు. మొదటిదానికి వేడి కావాలి, రెండోదానికి నీళ్లు కావాలి అని వాళ్లంతట వాళ్లు అనేదాకా నీవు నోరు విప్పవద్దు.

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కనుక మన నెల్లూరు ఎండల్లో ఆ వింత చాలామంది పిల్లలు చూసి ఉండరు. సీసాను ఐసునీళ్లలో పెట్టి గడ్డకట్టించి, తిరిగి ఎండలో పెట్టి నూనెగా చేసి చూపించు. ఆ పక్కనే ఉడికించిన గుడ్డు ఉంచి, దీన్ని ఐసులో పెడితే పచ్చిగుడ్డు అవుతుందా అని అడుగు. కొందరు అవుతుందనే అంటారు, పెట్టి చూడనీ. చల్లని గ్లాసు వెలుపల నీరు పట్టినప్పుడు గ్లాసు కారుతోందని వాదిస్తే, లోపల ఎర్రరంగు కలిపిన నీళ్లు పోసి, బయటి చుక్కలకు రంగు లేదని వాళ్లచేతనే చెప్పించు.

పొయ్యి దగ్గరి పని నీ చేతుల మీదుగానే జరగాలి. బెల్లంపాకం జోలికి అసలు పోవద్దు. అది మరిగే నీళ్లకంటే వేడెక్కి, ఒంటిమీద పడితే అంటుకుపోతుంది.

వేసవిలో వీలైతే ఇస్కపల్లి ఉప్పుమళ్లకు తీసుకెళ్లు. నీ గిన్నెలో కనబడకుండాపోయిన ఉప్పు ఎక్కడికీ పోలేదని, ఎండకు నీరు ఆవిరై పోతే మిగిలేది అదేనని అక్కడ ఎకరాలకొద్దీ కనబడుతుంది. ఉదయంపూటే వెళ్లండి, మధ్యాహ్నం ఆ తెల్లదనానికి కళ్లు నిలవవు.

ఆశీస్సులతో,
పెదనాన్న