760 దగ్గర ఒక పీక్: అమ్మాయికి ముందు ఇది చూపించండి

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. మాస్ స్పెక్ట్రోమెట్రీతో (అణువుల బరువు తూచే పద్ధతి) లిపిడ్ల (కొవ్వు పదార్థాల) నిర్మాణం కనుక్కునే పని నేర్చుకుంటానంటోంది. చుట్టాలు బీఈడీ చేయించమంటున్నారు. మూడు నెలల మెషీన్ ట్రైనింగ్ ఇప్పిస్తే సరిపోతుందా?

జవాబు: ట్రైనింగ్‌కు ఇప్పుడే ఫీజు కట్టకండి. మెషీన్ నడపడం ఉద్యోగంలో చేరాకైనా పట్టుబడుతుంది. అది గీసిన గ్రాఫ్‌ను చదవడమే కష్టం, దానికి కెమిస్ట్రీ గట్టిగా రావాలి.

కోడిగుడ్డు పచ్చసొననే తీసుకోండి. అందులోని ఫాస్ఫాటిడైల్‌కోలిన్ అనే రకం లిపిడ్లలో ఒకటి గ్రాఫ్‌లో 760 దగ్గర పీక్ (పైకి లేచిన గీత) ఇస్తుంది, ఆ అంకె అణువు బరువును చెబుతుంది. ఆ అణువును పగలగొడితే 184 దగ్గర ముక్క వస్తుంది. అది ఫాస్ఫోకోలిన్ తల, అంటే లిపిడ్ ఏ కుటుంబానిదో తేలింది. మరి తోకలు, అంటే దానికి అతుక్కున్న కొవ్వు ఆమ్లాలు? నెగెటివ్ మోడ్‌లో (రుణావేశమున్న అయాన్లను చూసే పద్ధతిలో) మళ్లీ పగలగొట్టాలి. 255, 281 కనిపిస్తే పామిటిక్, ఓలిక్ ఆమ్లాలు. 253, 283 అయితే పామిటోలిక్, స్టియరిక్. ఏ జత కూడినా 536 వస్తుంది చూడండి, అందుకే మొత్తం బరువు చూసి చెప్పలేం. ఇంకో చిక్కుంది. ఓలిక్‌లో డబుల్ బాండ్ 9వ కార్బన్ దగ్గర ఉంటుంది. అది 11కు జరిగితే వేరే ఆమ్లం, కానీ బరువు అదే, మామూలుగా పగలగొడితే తేడా దొరకదు. అప్పుడు ఓజోన్‌తో సరిగ్గా ఆ బంధం దగ్గరే తెంచి చూస్తారు.

ఈ అంకెలు కాగితం మీద రాసి అమ్మాయికివ్వండి. ‘253 ఎట్లా వచ్చింది?’ అని పెన్ను తీసిందా, ఇక బీఈడీ మాట ఎత్తకండి. రెండు నిమిషాల్లో పక్కన పెడితే మాత్రం ఆమెతో కూర్చుని మాట్లాడాలి.

దారి దూరమేమీ కాదు. రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాస్తే కాకతీయ యూనివర్సిటీలో, జాతీయ స్థాయి ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాస్తే వరంగల్ నిట్‌లో ఎమ్మెస్సీ చేయొచ్చు. ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేసుకోవచ్చు. హైదరాబాద్‌లోని కెమికల్ టెక్నాలజీ పరిశోధన సంస్థ ఐఐసీటీలో నూనెలు, లిపిడ్ల మీద పరిశోధన ఏళ్లుగా సాగుతోంది. సర్కారు కొలువు గురించి మీ టెన్షన్ నాకు తెలుసు. డిగ్రీ కాలేజీ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకూ అదే నెట్ పనికొస్తుంది.

ఒక్క మాట దాచను: లిపిడ్లు మాత్రమే చూసే ఉద్యోగాలు తక్కువ. అయితే మందుల్లో మలినాలు పట్టడానికి ఫార్మా కంపెనీలు వాడేదీ ఈ మెషీన్లనే, కాబట్టి నేర్చుకున్నది ఊరికే పోదు. జామ్ దరఖాస్తులు మామూలుగా సెప్టెంబర్‌లో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. ట్రైనింగ్‌కు అనుకున్న డబ్బుతో ముందు ఆ పుస్తకాలు కొనివ్వండి.