అమ్మకానికి పెట్టారు, అమ్ముడుపోయే ధర పెట్టలేదు

ప్రశ్న: నా సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ కారుకి పెద్ద ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మేవి), ఇన్‌టేక్ (ఇంజిన్‌కు గాలి అందించే గొట్టం), కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల సస్పెన్షన్) వేయించి, ఇంజిన్ కంప్యూటర్‌ను వాటికి తగ్గట్టు ట్యూన్ చేయించాను. రెండో బిడ్డ రాబోతోందని అమ్మడానికి ఒప్పుకున్నాను. పార్టులకు పెట్టిందంతా కలిపి ధర చెబుతున్నాను, ఐదు నెలలైనా పోలేదు. అసలు అమ్మే ఉద్దేశమే నాకు లేదని నా భార్య గొడవ. నేనేం చేయాలి?

జవాబు: కారు విలువకు పార్టుల బిల్లులన్నీ కలిపి ధర చెబుతున్నారని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఆ ధరకు ఎవరూ కొనరు. మీ భార్యకు కనిపిస్తున్నది అదే, ఆవిడ కోపంలో న్యాయముంది.

మోడిఫై చేసిన టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే) కారంటే కొనేవాళ్లకు ముందు భయం. ఈ 2.5 లీటర్ల ఇంజిన్‌లో పిస్టన్ రింగుల మధ్య అంచులు విరుగుతాయని తెలిసినవాళ్లందరికీ తెలుసు. ఆ భయం తీర్చేది కాగితాలే. సిలిండర్లలో ఒత్తిడి ఎంత వస్తోందో, ఎంత కారిపోతోందో చూపే కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు చేయించండి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ రీడింగుల మధ్య తేడా 10 శాతం లోపుంటే ధైర్యంగా చూపించవచ్చు. టైమింగ్ బెల్ట్ మార్చిన బిల్లు, డైనో షీటు (ఇంజిన్ శక్తిని కొలిచిన కాగితం), ఏ ఆక్టేన్ (నాక్‌ను తట్టుకునే గ్రేడు) పెట్రోలుకు ట్యూన్ చేశారో రాసిన కాగితం జతచేయండి. తక్కువ ఆక్టేన్ పోస్తే ఇంజిన్ నాక్ అవుతుంది (పెట్రోలు అదుపు తప్పి మండి టకటకలాడుతుంది), ఆ సంగతి దాచకండి.

కాయిలోవర్లు విప్పి పాత సస్పెన్షన్ బిగించి, వాటిని విడిగా అమ్మితే ఎక్కువ వస్తుంది. ఇంజెక్టర్లు, ఇన్‌టేక్ జోలికి మాత్రం ట్యూన్ మార్చకుండా వెళ్లకండి. పెద్ద ఇంజెక్టర్ల మ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని ట్యూన్ సెట్టింగ్) వాటిని తక్కువసేపే తెరుస్తుంది. చిన్నవి పెడితే పెట్రోలు చాలక, బూస్ట్‌లో (టర్బో ఒత్తిడి పెరిగినప్పుడు) డిటొనేషన్, అంటే తీవ్రమైన నాక్ వచ్చి పిస్టన్ పోతుంది. విప్పితే కంపెనీ మ్యాప్ కూడా వేయించాలి, లేదంటే ఉన్నవి ఉన్నట్టే అమ్మండి.

కొనేవాళ్లు చూడ్డానికి వచ్చేముందు ఇంజిన్ వేడి చేసి ఉంచకండి, చల్లటి స్టార్ట్ వాళ్లే వినాలి. ముందు మీరు నడపండి, ఆయిల్ వేడెక్కాక వాళ్లకివ్వండి, లైసెన్సు, బీమా చూశాకే. డబ్బు ఖాతాలో పడ్డాకే తాళం.

ఇక ఇంట్లో సంగతి. ఈ వారమే ఇద్దరూ కూర్చుని ఇలాంటి కార్లు నిజంగా ఎంతకు పోయాయో చూడండి. ఇంతకన్నా తగ్గం అనే ధర, అమ్మాల్సిన తేదీ ఆవిడ ముందే రాసుకోండి. వచ్చిన ప్రతి బేరం ఆవిడకు చెప్పండి. మూడు వారాల్లో ఎవరూ రాకపోతే ఎంత తగ్గించాలో కూడా ఇప్పుడే అనుకోండి. ఆ కారును వదులుకోవడం కష్టంగా ఉందని కూడా నోరు తెరిచి చెప్పండి. ఇన్నాళ్లూ మీరు ఆ మాట చెప్పకపోబట్టే, ఆవిడ మీ ఆలస్యాన్ని మొండితనం అనుకుంటోంది.