రిడెల్ గెలిచింది ఆ ఎస్టేట్ కారుతో కాదు

వోల్వో 850 ఎస్టేట్ రేసు కారు ఫోటో ఒకటి చూపించి, స్వీడన్ డ్రైవర్ రికర్డ్ రిడెల్ బ్రిటిష్ టూరింగ్ కార్ టైటిల్ (మామూలు కార్లను రేసుకు తగ్గట్టు మార్చి నడిపే పోటీ) గెలిచింది దీంతోనేనా అని ఒకరు అడిగారు. కాదండీ. ఆ పొడుగు డిక్కీ కారు 1994లో ఒక్క సీజనే నడిచింది. రిడెల్, యాన్ లామర్స్ నడిపారు, టీడబ్ల్యూఆర్ అనే బ్రిటన్ రేసింగ్ సంస్థ వాళ్లు తయారు చేశారు. ఫ్యామిలీ కారుతో రేసా అని నవ్విన వాళ్లకు జవాబుగా, రేసుకు ముందు ప్రేక్షకుల కోసం తిరిగే పరేడ్ ల్యాప్‌లో వెనక అద్దం దగ్గర పెద్ద కుక్క బొమ్మను కూర్చోబెట్టి తిప్పారు!

1995లో రూల్స్ మారి వెనక రెక్కలకు (కారును నేలకు అదిమిపట్టే పలకలకు) అనుమతి వచ్చింది. ఎస్టేట్‌తో ఇక లాభం లేదని 850 సెడాన్‌కు మారారు. ఆ ఏడాది, తర్వాతి ఏడాది కూడా రిడెల్‌కు మూడో స్థానమే. టైటిల్ వచ్చింది 1998లో, వోల్వోదే మరో కారు ఎస్40తో. అదే ఏడాది ఆస్ట్రేలియాలో జిమ్ రిచర్డ్స్‌తో కలిసి బాథర్స్ట్ 1000 అనే వెయ్యి కిలోమీటర్ల రేసు కూడా ఎస్40తోనే గెలిచాడు. నా దృష్టిలో అతని కెరీర్‌లో అంతకు మించిన ఏడాది లేదు.

మీ దగ్గర ఇంకేదైనా ఫోటో ఉంటే ఇలా పోల్చుకోండి: డిక్కీ పొడుగ్గా ఉంటే 1994, పలకలుగా ఉన్న సెడాన్ అయితే 1995 లేదా 96, గుండ్రటి ఒంపుల చిన్న సెడాన్ అయితే ఎస్40. ఆస్టన్ మార్టిన్‌లో కనిపిస్తే అది బహుశా ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ 24 గంటల రేసు; 2007లో అక్కడ జీటీ1 అనే స్పోర్ట్స్ కార్ల క్లాస్ గెలిచాడు.