చక్రాల నట్ల బిగింపు గురించి మేనల్లుడికి ఉత్తరం

కడప

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీర్వదించి వ్రాయునది.

కారు కొన్నావని తెలిసి చాలా సంతోషించాను. పంక్చరు వేయించిన తరువాత చక్రం నట్లు ఎంత బిగించాలో తెలియక, "పానా మీద కాలు పెట్టి తొక్కితే సరిపోతుంది కదా మామా" అని అడిగావు. ఫోనులో ఒక్క మాటతో తేలే విషయం కాదు కాబట్టి, అక్కయ్యను కూర్చోబెట్టుకుని అనంతపురం నుండి ఇక్కడికి బయలుదేరేలోగా చదువుకుంటావని వివరంగా వ్రాస్తున్నాను.

నట్టు బిగించినప్పుడు జరిగేదేమిటో ముందు తెలుసుకో. నట్టు తిరిగేకొద్దీ దాని లోపలి స్టడ్, అంటే నట్టు ఎక్కే మరల కడ్డీ, వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన ఉక్కు మళ్లీ కుదించుకోవాలని లాగే ఆ లాగుడే చక్రాన్ని హబ్బుకు, అంటే స్టడ్లు ఉండే ఇరుసు చివరి దిమ్మకు, అదిమి పట్టి ఉంచుతుంది. బిగింపు చాలకపోతే ఆ పట్టు ఉండదు. చక్రం ప్రతి చుట్టులోనూ అతి సూక్ష్మంగా కదులుతూ స్టడ్‌ను అటూ ఇటూ వంచి, కొన్నాళ్లకు విరిచేస్తుంది. హద్దు దాటి బిగిస్తే ఉక్కు శాశ్వతంగా సాగిపోయి మళ్లీ కుదించుకునే గుణాన్ని పోగొట్టుకుంటుంది. అలా సాగిన స్టడ్ పైకి బాగానే కనిపిస్తుంది గాని, దాన్ని నమ్మడానికి వీల్లేదు. కాబట్టి ఎంత గట్టిగా బిగిస్తే అంత క్షేమమని మన లారీ షెడ్లలో చాలామంది అనుకునేది సరికాదు.

ఆ హద్దు ఎక్కడుందో కారు తయారు చేసినవారే మాన్యువల్‌లో అంకె రూపంలో ఇస్తారు. తిప్పే బలాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు; చిన్న కార్లకు అది సాధారణంగా 85 నుండి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. నీ బండికి ఎంతో నీ మాన్యువల్‌లోనే చూడు, పక్కింటివారి కారు అంకె నీకు పనికిరాదు. 100 న్యూటన్ మీటర్లు అంటే అర మీటరు పొడవున్న పానా చివర సుమారు 20 కిలోల బరువు వేలాడదీసినంత. ఇప్పుడు నీవు అడిగిన తొక్కుడు సంగతి లెక్క వేసి చూడు. 65 కిలోల మనిషి పావు మీటరు పానా చివర నిలబడితేనే 160 దాకా పోతుంది. దానికి పైపు తగిలించి అర మీటరు చేసి నిలబడితే 320కి చేరుతుంది, అంటే కావలసినదానికి మూడింతలు. పంక్చరు షాపుల్లో వాడే గాలి గన్‌లలో చాలావాటికి కూడా 300 దాటి బిగించే శక్తి ఉంటుంది. విప్పడానికి గన్ వాడితే నాకు అభ్యంతరం లేదు. బిగించేటప్పుడు మాత్రం, "అన్నా, చేత్తో తిప్పి వదిలేయండి, చివరి బిగింపు నేను చేసుకుంటాను" అని మర్యాదగా చెప్పు. పని తెలిసినవారెవరూ ఆ మాటకు నొచ్చుకోరు.

దీనికి కావలసిన పనిముట్టు టార్క్ రెంచి, అంటే మనం పెట్టిన అంకె దాకా బిగియగానే టక్కుమని చెప్పే పానా. అరంగుళం డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు మొన) ఉండి, 40 నుండి 200 న్యూటన్ మీటర్ల వరకు కొలిచేది ఒకటి కొనుక్కో. దానికి నట్టు మీద తొడిగే ఆరు మూలల సాకెట్ తీసుకో; పన్నెండు మూలలది నట్టు అంచులను త్వరగా అరగదీస్తుంది. మారుతి కార్లలో చాలావాటికి 19, హ్యుందాయ్ కార్లకు 21 మిల్లీమీటర్ల సాకెట్ పడుతుంది. రెంచిని అంకె మీద పెట్టి, పిడిని పట్టుకుని నెమ్మదిగా, ఒకే ఊపున లాగు. టక్కుమన్న తొలి శబ్దానికే ఆగిపోవాలి. గట్టి పడిందో లేదో అని రెండోసారి, మూడోసారి టక్కుమనిపిస్తే ప్రతిసారీ కొంత అదనపు బిగింపు పడుతుంది. దానితో నట్లు విప్పకు, విప్పడానికి మామూలు పానా వాడు. పని అయ్యాక అంకెను అతి తక్కువకు తగ్గించి పెట్టెలో పెట్టు, లేకపోతే లోపలి స్ప్రింగు నీరసించి అంకె అబద్ధం చెబుతుంది.

రెంచి చేతికి వచ్చేలోగా ఒక ఉపాయం చెబుతాను. వేరుశనగ మూటలు తూచే స్ప్రింగ్ త్రాసు ఊళ్లో ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. పానాను నేలకు సమాంతరంగా ఉంచి, నట్టు మధ్య నుండి 50 సెంటీమీటర్ల దూరంలో త్రాసు కొక్కేన్ని తగిలించి, పానాకు నిట్టనిలువుగా, బిగించే దిశలో లాగు. త్రాసు 20 కిలోలు చూపిస్తే 100 న్యూటన్ మీటర్ల దగ్గర ఉన్నావన్నమాట. 25 సెంటీమీటర్ల దూరమైతే 40 కిలోలు చూపాలి. ఇది రెంచికి సాటి రాదు గాని, కాలుతో తొక్కడం కన్నా వెయ్యి రెట్లు మేలు.

ఇక పని వరుస. గట్టి నేల మీద చేతి బ్రేకు వేసి, ఎదురు మూల చక్రానికి రాయి పెట్టి, చక్రం నేల మీద ఉండగానే నట్లను అర చుట్టు వదులు చెయ్యి. ఆ తరువాతే జాకీ ఎక్కించు, జాకీ జారినా ఆసరాగా ఉండేలా స్టెప్నీని కారు కింద పడుకోబెట్టు.

చక్రం ఊడదీశాక చేసే శుభ్రం చాలామంది పట్టించుకోరు, నా అనుభవంలో వదులు నట్లకు మూలం అక్కడే ఎక్కువగా కనిపించింది. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నుండి వచ్చే బండ్ల చక్రాలు విప్పితే హబ్బుకూ రిమ్ముకూ మధ్య బండల పొడి పొరలా గట్టిపడి ఉంటుంది. కర్నూలు నల్లరేగడి దారుల్లో తిరిగే బండ్లకైతే ఎండిన మట్టి ఉంటుంది. ఆ పొర మీదనే బిగిస్తే అప్పటికి గట్టిగానే అనిపిస్తుంది. కొన్ని కిలోమీటర్లు నడిచాక అది నలిగి రాలిపోతుంది. స్టడ్ సాగిందే వెంట్రుకవాసి కాబట్టి, అంతమేర పొర నలిగినా పట్టంతా పోతుంది. వైరు బ్రష్షుతో రెండు ముఖాలనూ, నట్టు కూర్చునే గుంతలనూ ఉక్కు కనిపించేదాకా రుద్దు. మరలకు మాత్రం నూనె గాని గ్రీజు గాని రాయకు. మామూలుగా నీవు పెట్టిన బలంలో చాలా భాగం రాపిడికే పోయి, సుమారు 10 శాతమే స్టడ్‌ను సాగదీస్తుంది. మాన్యువల్ అంకె పొడి మరలను దృష్టిలో పెట్టుకుని ఇచ్చినది. నూనె రాసి రాపిడి తగ్గిస్తే అదే అంకె దగ్గర స్టడ్ అతిగా సాగిపోతుంది.

నట్లను వేళ్లతోనే మొదలుపెట్టు. రెండు మూడు చుట్లు సులువుగా ఎక్కాలి. మొరాయిస్తే పానాతో బలవంతం చేయకుండా వెనక్కి తిప్పి, మళ్లీ నిటారుగా మొదలుపెట్టు. మర తప్పి ఎక్కిన నట్టు స్టడ్‌ను పాడు చేస్తుంది. ఏటవాలు అంచు ఉన్న నట్టయితే ఆ అంచు రిమ్ము వైపు ఉండాలి. అల్లాయ్ రిమ్ములకు మార్చుకుంటే వాటి గుంతలకు సరిపోయే నట్లు వేరే ఉండవచ్చు, విచారించి తీసుకో.

నాలుగు నట్లు ఉంటే ఎదురెదురుగా, అయిదు ఉంటే ఒకటి విడిచి ఒకటి చొప్పున బిగించు. చక్రం గాలిలో ఉండగా రిమ్ము హబ్బుకు ఆనుకునేంత వరకే బిగించి, జాకీ దించి, చక్రం నేలను తాకాక ముందు సగం అంకెకు, తరువాత పూర్తి అంకెకు అదే వరుసలో బిగించు. పక్కపక్కనే చుట్టూ బిగించుకుంటూ పోతే రిమ్ము ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది. నట్టుకొక తీరుగా బిగిస్తే బ్రేకు డిస్కు కూడా వంకరపోయి, కొన్నాళ్లకు పెడల్ పాదం కింద అదురుతుంది.

అంతటితో పని అయిపోలేదు. 50 నుండి 100 కిలోమీటర్లు నడిచాక మరొకసారి చూడాలి. నీవు వచ్చే దారిలో తాడిపత్రి దాటాక నీడ చూసి ఆగు, అక్కయ్యకు టీ ఇప్పించు, ఆలోగా హబ్బు చల్లారుతుంది. వేడి మీద బిగింపు కొలిస్తే లెక్క తప్పుతుంది. రాయచోటి వైపు నుండి గువ్వలచెరువు ఘాట్ దిగి వచ్చిన బండి హబ్బు చేత్తో ముట్టుకోలేనంత కాలుతుంది, అటువంటప్పుడు అసలు పానా పట్టకూడదు. చల్లారాక నట్లను విప్పకుండా అదే అంకె మీద రెంచి పెట్టి లాగు. కదలకుండా టక్కుమంటే సరే. ఏదైనా నట్టు తిరిగితే దాన్ని గుర్తు పెట్టుకో. అదే నట్టు మరుసటిసారి కూడా తిరిగితే స్టడ్‌నూ నట్టునూ మార్పించు.

ఒక లారీ రిమ్ము నా ముందుకు వచ్చింది. గుండ్రంగా ఉండవలసిన రంధ్రాలు కోడిగుడ్డులా సాగి ఉన్నాయి, రెండు స్టడ్లు తెగిపోయాయి, మిగిలిన నట్ల కింద నుండి ఎర్రటి తుప్పు గీతలు బయటికి పాకాయి. ఆ తుప్పు గీతలు ఎన్నో రోజుల ముందే కనిపించి ఉంటాయి. ఉదయం కారు తుడిచేటప్పుడు అటువంటి గీత నట్టు చుట్టూ కనబడినా, నడుపుతుంటే స్టీరింగు కొత్తగా అదిరినా, చక్రం దగ్గర టక్‌టక్‌మని చప్పుడు వినిపించినా అక్కడికక్కడే ఆపి చూడు. రంధ్రం సాగిన రిమ్మును ఎవరు ఎంత నచ్చజెప్పినా మళ్లీ వాడకు.

మాన్యువల్ తెరిచి అంకె, నట్టు సైజు రెండూ చూసి నాకు తెలియజేయి. సాకెట్ ఇక్కడే తీసి ఉంచుతాను, నీవు వచ్చిన మరునాడు పొద్దున్నే ఎండ ముదరకముందు నాలుగు చక్రాలూ విప్పి బిగిద్దాం. అక్కయ్యకు నా నమస్కారాలు.

మీ మామ